కప్పు కోసిన కాడిలాక్

చెంగల్రాయన్ని నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన ఒక కారు కప్పుని తిడుతున్నాడు. మనిషిని తిట్టినట్టే, దాని తాతముత్తాతల్ని కూడా తలుచుకుని మరీ తిడుతున్నాడు. అది డెబ్బై ఆరో సంవత్సరం. పుదుచ్చేరిలో, సారం అనే పేటలో, నేను అద్దెకు దిగిన గదికి ఎదురుగా ఆయన షెడ్డు. దాన్ని షెడ్డు అనడం నా మర్యాద. నాలుగు తాటి మొద్దులు, పైన ఆకు, కింద ఇనప తుక్కు, ఆ తుక్కు మధ్య మోకాళ్ళ దాకా లుంగీ ఎగగట్టుకుని ఆయన. వృత్తి టింకరింగ్. గుద్దుకుని నొక్కుకుపోయిన కారు రేకుని సుత్తితో కొట్టి మళ్ళీ పాత వంపుకి తెచ్చే పని.

వాళ్ళు ముత్తాత కాలంలో బట్టల మిల్లులో కూలికి వచ్చిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపంలో రెండూ. నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలామంది కోపిష్టుల్ని చూశాను. సాధారణంగా కోపం పనికి అడ్డం వస్తుంది. ఈయనకి కోపం లేని రోజు సుత్తి లేచేది కాదు.

ఆ కప్పు ఒక కాడిలాక్‌ది. యాభై మూడో సంవత్సరపు బండి. ఫ్రెంచివాళ్ళ రోజుల్లో, సుంకాల బెడద లేని ఆ రేవులో, ఎవరో వర్తకుడు తెప్పించుకున్నాడు. ఆయన పోయాక నాలుగైదు చేతులు మారి చివరికి విజయరంగన్‌కి చేరింది. విజయరంగన్‌ది సారం మెయిన్ రోడ్డు మీద పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే దుకాణం. అండాలు, జంబుఖానాలు, పెట్రోమాక్స్ లైట్లు, వాటితో పాటు ఈ బండి.

ఆ కంపెనీ పేరే ఒక ఫ్రెంచివాడిది. డెట్రాయిట్ అనే ఊరికి పునాది వేసిన ఫ్రెంచి అధికారి పేరు అమెరికావాళ్ళు కారుకి పెట్టుకున్నారు. ఆ కారేమో తిరిగి తిరిగి ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన ఊరికి వచ్చి తాటాకు కింద పడింది. వెనక రెండు పక్కలా చిన్న రెక్కలు లేచి ఉంటాయి. యుద్ధ విమానం తోక చూసి ముచ్చటపడి గీశారట. కారు ఎగరదని వాళ్ళకీ తెలుసు. అయినా రెక్కలు పెట్టారు. ముందు బంపర్ మీద రెండు క్రోమ్ మొనలు, తుపాకీ గుండ్లలా. పెట్రోలు పోసే మూత ఎక్కడా కనపడదు. ఎడమ రెక్క చివరి ఎర్రదీపం పైకెత్తితే దాని కింద ఉంటుంది. పెట్రోలు తాగడం కూడా నామోషీ అయిన బండి.

మోడళ్ళ సంగతి ఇంకా తమాషా. కొలంబో రేవులో గుమస్తాగా ఉన్న రోజుల్లో అమెరికా పత్రికల్లో ఆ ప్రకటనలు చూసేవాణ్ణి. అన్నిటికంటే మామూలుది సిక్స్‌టీ టూ. అందులో రెండు తలుపులది, నాలుగు తలుపులది, కప్పు మడిచే ఓపెన్ బండి. దాని పైమెట్టు సిక్స్‌టీ స్పెషల్, అంటే ఫ్లీట్‌వుడ్. మరికాస్త పొడుగు, వెనక తలుపు కింది మూలలో నిలువుగా పేర్చిన చిన్న క్రోమ్ పట్టీలు. ఆ పట్టీలు చూసి పక్కింటివాడు కుళ్ళిపోవాలి, పై సంవత్సరం వాడూ అదే కొనాలి. దానికీ పైన ఎనిమిది మంది కూర్చునే సెవెంటీ ఫైవ్. మనిషిని ఒక మెట్టు ఎక్కించి, ఎక్కీ ఎక్కకముందే ఆ మెట్టు మీద సిగ్గుపడేలా చేసే వ్యాపారం. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ వంపులు గీసినవాడి చెయ్యి మాత్రం గొప్ప చెయ్యి. అది ఒప్పుకోక తప్పదు.

విజయరంగన్ దగ్గరున్నది ఫ్లీట్‌వుడ్. ఆ మోడల్‌ని కంపెనీ నాలుగు తలుపులతో, కప్పుతో తప్ప ఇంకో రకంగా చెయ్యలేదు.

గాలివానలో పూవరసు మాను ఒకటి దాని మీద పడి కప్పు సీట్లకి ఆనుకుంది. మద్రాసులో ఎవరూ పట్టలేదట. చెంగల్రాయన్ పట్టాడు. పాత రేకు తీసేసి, కొత్త రేకు ఇసక సంచి మీద పరిచి, చెక్క సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ముందు నించి వెనక్కి ఒక వంపు, పక్క నించి పక్కకి ఇంకో వంపు, రెండూ ఒకే రేకులో కలవాలి. లప్పం పూసి గుంటలు కప్పేస్తే వారంలో అయిపోయేది. ఆయన లప్పం డబ్బాని షెడ్డులోకే రానివ్వలేదు. కళ్ళు మూసుకుని రేకు మీద అరచెయ్యి నడిపేవాడు. ఎక్కడో ఎత్తు తగిలేది. మళ్ళీ తిట్లు, మళ్ళీ సుత్తి. వేసవి పోయి వానలు వచ్చాయి. ఆయన భార్య కనగం అన్నం గిన్నె తెచ్చిపెట్టి నా వైపు తిరిగి అనేది, "చూడండి సామీ, పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నా వీపు మీద ఒక్కనాడన్నా ఇట్ట చెయ్యేసినాడా ఈ మనిషి?"

పని అయ్యాక ఆ కప్పు మీద ఆకాశం ఎక్కడా విరక్కుండా కనపడింది. ఆయన దాన్ని తిట్టడం మానేశాడు. నాకు తెలిసి ఆయన చేసిన మెచ్చుకోలు అదొక్కటే.

మూడేళ్ళ తర్వాత విజయరంగన్ వచ్చి ఆ కప్పు కోసెయ్యమన్నాడు.

ఇక్కడి పెళ్ళిళ్ళ సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. పెళ్ళికి ముందు సాయంత్రం పెళ్ళికొడుక్కి కోటూ సూటూ తొడిగి, మెడలో దండ వేసి, గుడి దగ్గర కారెక్కించి, మేళంతో మండపం దాకా ఊరేగిస్తారు. ఊరంతా చూడాలి. అందుకని కారు ఓపెన్‌గా ఉండాలి. విల్లుపురంలో ఒకడి దగ్గర కప్పు లేని ప్లిమత్ ఉంది, ముహూర్తాల రోజుల్లో వాడికి తీరిక లేదు.

"నా దగ్గర కాడిలాక్ ఉండాది," అన్నాడు విజయరంగన్. "ఏం లాభం? లోపల కూచున్న మాప్పిళ్ళ ఎవురికి కనపడతాడు? ఆడోళ్ళు వంగి వంగి చూడాల, నడుం నెప్పులు."

చెంగల్రాయన్ సుత్తి కింద పెట్టాడు. "మొదలాళీ, నీ తల తీసేసి, మెడ ఇప్పుడు బాగా కనపడతా ఉందంటే ఒప్పుకుంటావా?"

నేను నా వంతు చెప్పాను. కంపెనీవాళ్ళు ఓపెన్ బండికి కింద ఫ్రేము వేరే దిట్టంగా కడతారనీ, దీనికి ఆ బలం లేదనీ, కప్పు తీస్తే నడుము కుంగుతుందనీ, అసలు ఫ్లీట్‌వుడ్‌ని ఓపెన్‌గా వాళ్ళే చెయ్యలేదనీ. విజయరంగన్ ఓపిగ్గా విన్నాడు. "వాళ్ళు చెయ్యకపోతే ఏం సామీ, మనం చేద్దాం. వాళ్ళ ఊళ్ళో మాప్పిళ్ళ ఊరేగింపు లేదు గదా."

ఆ తర్వాత ఆయనకి నచ్చజెప్పడానికి చాలామంది వచ్చారు. మేళగాళ్ళు వచ్చారు, వంటవాళ్ళు వచ్చారు, కులపెద్ద వచ్చాడు. బండి నీ సొత్తా అని అడిగారు. కాదు. ఆ కప్పుకి కూలి ముట్టిందా లేదా? ముట్టింది. మరి ఏంది నీ బాధ?  చెంగల్రాయన్ పళ్ళు పటపట కొరికేవాడు. నా చేత్తో చేసింది నా కళ్ళముందు పాడు చెయ్యొద్దని అడిగే హక్కు ఏ చట్టంలోనూ లేదు. ఆ దిక్కుమాలిన సంగతి కులపెద్దకి తెలుసు, విజయరంగన్‌కి తెలుసు. ఈయనకొక్కడికే కొత్త.

చివరికి విజయరంగన్ విల్లుపురం నించి ఇద్దరు మనుషుల్ని రప్పించి, దుకాణం వెనక దొడ్లో పని మొదలుపెట్టించాడు. వాళ్ళు తెచ్చింది రంపం కాదు, ఉలి. ముందు అద్దం పక్క స్తంభం మీద మొదటి దెబ్బ పడిన చప్పుడు మా వీధికి వినపడింది. చెంగల్రాయన్ తింటున్న అన్నం వదిలి పరిగెత్తాడు. వెనక నేను. దొడ్లోకి వెళ్ళి ఆ మనిషి చేతిలోంచి ఉలి గుంజుకుని గోడ అవతలకి విసిరేశాడు. విజయరంగన్ కేకలేసే లోపే అన్నాడు:

"కొయ్యాలంటే నేనే కోస్తా. మీరు ముట్టుకోవద్దు."

హాక్సా రంపంతో కోశాడు. ఉలితో చీలిస్తే రేకు నలుగుతుంది. నలగనివ్వకుండా, స్తంభం స్తంభం, ఒక పంటి గాటు లేకుండా కోశాడు. నేను ఉన్నంతసేపూ ఒక్క తిట్టు రాలేదు. అది చూడలేక నేను బయటికి వచ్చేశాను. కప్పు ఎద్దుబండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. కనగం దాన్ని కట్టెల మీద బోర్లించింది. 

నేను చెప్పినట్టే బండి కుంగింది. అరియాంకుప్పం వంతెన దగ్గర గుంటలో పడగానే వెనక తలుపులు రెండూ వాటంతట అవే తెరుచుకున్నాయి, మళ్ళీ మూస్తే మూతపడలేదు. పై ఆదివారం ఊరేగింపు. విజయరంగన్ మళ్ళీ ఈయన కాళ్ళ దగ్గరికే వచ్చాడు. చెంగల్రాయన్ బండి నడుం కింద జాకీ పెట్టి లేపి, వెల్డింగ్ గ్యాస్ తెప్పించి, నాలుగు తలుపుల్నీ అతికేశాడు. తలుపు గోడైతేనే ఆ ఒళ్ళు నిలబడుతుంది. క్రోమ్ పిడులు మాత్రం అలాగే ఉంచాడు. తీస్తే బోడిగా ఉంటుందని కాబోలు.

ఆదివారం సాయంత్రం పిళ్ళయార్ గుడి ముందు, వినాయకుడి ఎదుట, పెళ్ళికొడుకు సూటుతో వచ్చి పిడి పట్టుకుని లాగాడు. రెండోసారి లాగాడు. చూస్తున్నవాళ్ళలో నవ్వు మొదలైంది. పెళ్ళికొడుకు తండ్రి ముఖం ఎర్రబడింది. మా వాణ్ణి గోడ దూకమంటారా, ఇది మర్యాదేనా అని ఆడపిల్లవాళ్ళ మీదికి వెళ్ళాడు. మేళం ఆగిపోయింది. అప్పుడు విజయరంగన్, ఆ క్షణాన నోటికొచ్చింది అన్నాడు:

"కోపగించుకోవద్దు అయ్యా. ఇది మామన్ ఎత్తి కూచోబెట్టే బండి. పెద్ద మోడల్ అంతా ఇట్టే. తలుపు తీసుకుని ఎక్కేది చిన్న మోడల్ గదా."

పెళ్ళికొడుకు మేనమామ దిట్టమైన మనిషి. పై కండువా నడుముకి చుట్టి, మేనల్లుణ్ణి రెండు చేతులా ఎత్తి సీటు మీద దించాడు. జనం చప్పట్లు కొట్టారు. మేళం లేచింది. చెంగల్రాయన్ నా పక్కన నిలబడి ఉమ్మేశాడు.

ఆ తర్వాత మేనమామ ఎత్తకపోతే ఊరేగింపే కాదన్నారు. ఎత్తినందుకు మామకి పట్టు కండువా పెట్టాలన్నారు. మామ ముసలివాడైతే ఇద్దరు పట్టుకునేవాళ్ళు, మామ లేకపోతే వరసైన ఎవరో ఒకరిని అద్దెకి తెచ్చినట్టు తెచ్చేవాళ్ళు. యానాం నించి కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు గారు, పేరు దొరబాబు, ఇదెక్కడి ఆచారమండీ అని అడిగితే, పూర్వం నించీ ఉన్నదే అన్నాడు విజయరంగన్. పక్కనున్న పెద్దలు తల ఊపారు. ఆచారాల మూలాలు వెతుకుతూ నేను ఎన్నో లావుపాటి పుస్తకాలు చదివాను. ఇది నా కళ్ళముందు, గ్యాస్ వెల్డింగ్‌తో పుట్టింది. ఆ మాట చెబితే ఒకాయన నన్ను నాస్తికుడన్నాడు.

ఎనభై మూడులో కడలూరు నించి ఒక పెళ్ళిళ్ళ కాంట్రాక్టరు వచ్చాడు. ఆయన తెచ్చిన బండి చూసి చెంగల్రాయన్ లేచి నిలబడ్డాడు. అదే సంవత్సరపు కాడిలాక్, సిక్స్‌టీ టూ, కంపెనీ చేసిన అసలు ఓపెన్ బండి. తెల్లది, రెండే తలుపులు, అవీ పొడుగాటివి. మడిచిన గుడ్డ కప్పు వెనక ఒదిగి ఉంది. చెంగల్రాయన్ తలుపు తెరిచాడు, మూశాడు. బరువైన తలుపు, వేలితో తోస్తే చాలు, మెత్తగా పడుతోంది. మళ్ళీ తెరిచాడు. ఏడేళ్ళలో ఆయన ముఖం అంత నిమ్మళంగా నేను చూడలేదు.

"ఏం రిపేరు?" అని అడిగాడు.

"రిపేరేం లేదన్నా. ఈ తలుపులు రెండూ అతికెయ్యాల."

"ఎందుకు? బాగా తెరుసుకుంటా ఉండాయే."

"అదే గదా కష్టం. తెరుసుకుంటే మామన్ ఎందుకు? పాండిచ్చేరిలో ఉండే పెద్ద మోడల్ మాదిరి కావాలంటారు మా ఊళ్ళో. ఆ బండి చేసింది నువ్వేనంట, అందుకే నీ దగ్గరికి వచ్చినా."

చెంగల్రాయన్ వెనక సీట్లో, ఆ నూనె మరకల లుంగీతోనే కూర్చుని తలుపు వేసుకున్నాడు. నన్నూ ఎక్కమన్నాడు. బీచికి పోనియ్ అన్నాడు. ఆ గొంతుకి కాంట్రాక్టరు ఎదురు చెప్పలేదు. ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న వైట్ టౌన్‌లో, సముద్రం ఎదురుగా, సైకిళ్ళమీద వెళ్తున్నవాళ్ళు ఆగి చూస్తుండగా తలుపు తెరుచుకుని దిగాడు. అందరికీ వినపడేలా మూశాడు.

"ఇది తలుపు. మనిషి ఎక్కేదానికి, దిగేదానికి. నేను ముట్టుకోను. నువ్వూ ముట్టుకోవద్దు."

"సుమ్మా, ఊరికే ఎందుకన్నా కోపం. వెల్డింగ్ చేసేవాళ్ళకి కరువా," అని కాంట్రాక్టరు మమ్మల్ని అక్కడే దింపి వెళ్ళిపోయాడు.

ఆ పై సంక్రాంతి వెళ్ళాక, తై మాసంలో ఆ బండి సారంలోకే వచ్చింది, కడలూరు పెళ్ళికొడుకుని ఎక్కించుకుని. మేళం చప్పుడికి షెడ్డులోంచి బయటికి వచ్చిన చెంగల్రాయన్ తెల్లబండిని గుర్తుపట్టాడు. నేరుగా వెళ్ళి దాని ముందు నిలబడ్డాడు. బండి ఆగింది. పక్కకి వచ్చి పిడి లాగాడు. తలుపు అంచున, అతికిన చోట, గోరుతో గీకాడు. పెయింటుతో పాటు పెద్ద పెళ్ళ ఊడి చేతిలోకి వచ్చింది. వెల్డింగ్ నాలుగు బొట్లు, మిగతాదంతా లప్పం.

"దించండయ్యా మాప్పిళ్ళని," అన్నాడు. "ఇది నిలవదు."

తాగి వచ్చాడన్నారు. ఎవరో మెడ పట్టుకున్నారు. పెళ్ళికొడుకు దండ సర్దుకుని వేరే వైపు చూశాడు. మేనమామ, పట్టు కండువా భుజాన వేసుకున్న పెద్దమనిషి, చెంగల్రాయన్ని ఒక్క తోపు తోశాడు. నేను పట్టుకోకపోతే కాలవలో పడేవాడు.

ఆయన నా చెయ్యి విదిలించుకుని షెడ్డులోకి వెళ్ళాడు. బండి కదిలింది, నాదస్వరం లేచింది. లోపల ఏ బండిదీ కాని వట్టి రేకొకటి దిమ్మె మీద పెట్టి పెద్ద సుత్తి ఎత్తాడు. ఊరేగింపు వీధి మలుపు తిరిగేదాకా దాన్ని కొడుతూనే ఉన్నాడు.