మా తప్పు, కింద ఓనరు సంతకం

మా పేపరు మొదటి పేజీలో నా రాతలు చాలాసార్లు పడ్డాయి. అన్నీ 'మా తప్పు' అనే డబ్బాలోనే.

ఆ డబ్బా మా పాత ఓనరు, పెద్దాయన పెట్టింది. నెల్లూరులో పెళ్లిపత్రికలు అచ్చేసే చిన్న ప్రెస్సుతో మొదలుపెట్టి, వారపత్రిక మీదుగా దినపత్రిక దాకా వచ్చారు. శుభలేఖలో ముహూర్తం తప్పు పడితే ఏమవుతుందో తెలిసినవారు కాబట్టి, వార్తల్లో తప్పును కూడా తేలిగ్గా తీసుకోలేదు. మర్నాడే మొదటి పేజీలో సవరణ పడాలి. కింద ఓనరు సంతకం ఉండాలి. రాసినవాడి పేరు మాత్రం ఉండకూడదు. "పేపరు నాదైతే తప్పూ నాదే గదా" అనేవారు.

ఆయన పోయాక పేపరు కూతురికి, టీవీ చానెలు కొడుక్కి వచ్చాయి. ఏది అమ్మాలన్నా ఇద్దరూ సంతకం పెట్టాలని రాసిపోయారు.

నేను సబ్ ఎడిటర్‌ని. ఆ ఏడు ఈస్టర్ ముందురోజు చెన్నై కంపెనీవాళ్లు బేరానికి వస్తున్నారు. పేపరు అమ్మేయాలని తమ్ముడికి ఉంది. అక్క ఇంకా తేల్చలేదు. దీని గురించి ఆఫీసులో ఎవరూ మాట్లాడుకోలేదు, క్యాంటీన్లో తప్ప.

గురువారం తమ్ముడు ఫోన్ చేసి, "రేపు పండగ గదా, మా ఇద్దరి తరఫునా శుభాకాంక్షలు వెయ్యండి" అన్నారు. నేను ఎమ్మే చదివినవాణ్ణి. 'పాఠకులకు గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు' అని రంగుల్లో వేశాను.

తెల్లారి మొదటి ఫోను వెంకటాచలం ఊళ్లో చర్చి పాస్టరుగారిది. కోప్పడలేదు.

"నాయనా, మా ప్రభువును సిలువేసిన రోజది. దానికి మీరు శుభాకాంక్షలు చెప్పినారు. పూలు గూడా వేసినారు."

సవరణ రాసుకుని అక్క గదికి వెళ్లాను. ఆఫీసులో అందరికీ ఆమె అక్కే. తమ్ముడు అప్పటికే అక్కడున్నారు.

"రేపు వాళ్లొచ్చే రోజేనా ఇది వేసేది? పాస్టరుగారికి నేను ఫోన్ చేసి సారీ చెప్తా. అయిపోద్ది."

"పేపరు పాస్టరుగారొక్కరే చదివినారా?"

"మన తప్పు మనమే చూపించుకుంటే కొనేవాడు ఏమనుకుంటాడక్కా?"

"ఏం కొంటున్నాడో తెలుసుకుంటాడు," అని ఆమె సంతకం పెట్టేసి, కాగితం నాకిచ్చారు. "ఎమ్మే చేసినావు గదబ్బయా, 'చింతిస్తున్నం' ఏంది? దీర్ఘం యాడికి పోయింది?"

శనివారం చెన్నై నుంచి ముగ్గురొచ్చారు. పాత సంపుటాలు చూపించడానికి నన్నూ కూర్చోబెట్టారు. వాళ్లలో వయసులో పెద్దతను ఆ రోజు పేపరు తిరగేసి, డబ్బా దగ్గర వేలు పెట్టారు.

"అంతా బాగుంది మేడం. ఇది మాత్రం వద్దు. తప్పులొస్తే మా లాయర్లు చూసుకుంటారు."

"ఇది తీసేస్తే నేను సంతకం యాడ పెట్టాల సార్?" అన్నారు అక్క.

ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు. తమ్ముడు పేపరు తన వైపు తిప్పుకుని, ఆ నాలుగు వాక్యాలూ చదివారు. నా రాతను అంతసేపు చదివిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"ఆ శుభాకాంక్షలు వెయ్యమన్నది నేను సార్," అన్నారు చివరికి. "సంతకం మా అక్క పెట్టింది." తర్వాత, "ఇంకో కాఫీ తాగి బయల్దేరండి. చెన్నై దారిలో తడ దగ్గర ట్రాఫిక్ ఎక్కువుంటది" అన్నారు.

బేరం అంతటితో చెడింది.

సాయంత్రం చానెల్లో వార్తల కింద ఒక వాక్యం పరిగెత్తింది. గుడ్ ఫ్రైడేకి శుభాకాంక్షలు చెప్పినందుకు చింతిస్తున్నారట. పక్కన తమ్ముడి పేరు. స్వయంగా టైపు చేశారని తర్వాత తెలిసింది. అందులోనూ 'చింతిస్తున్నం' అనే ఉంది, దీర్ఘం లేదు.

అక్క టీవీ చూస్తూనే ఉన్నారు. దాన్ని మాత్రం సవరించమనలేదు.