మాణిక్యప్ప ఎత్తిన దవాఖాన బండి

నారాయణఖేడ్ కమ్మరి మాణిక్యప్పకు కోపం రాని రోజు లేదు. ఇనుము సరిగ్గా కాగకపోతే ఇనుము మీద, బొగ్గు తడిసి ఉంటే బొగ్గు మీద, ఏదీ దొరక్కపోతే ఎదురుగా నిలబడ్డ మనిషి మీద కోపం. నాగలి కర్రు సాగగొట్టించుకోవడానికి వచ్చిన రైతులు ముందు ఆయన మొహం చూసేవారు. బాగుంటే లోపలికి వచ్చేవారు, లేకుంటే ఊళ్ళో ఇంకో పని చూసుకుని వచ్చేవారు. అయితే చేతిలో పనితనం ఉంది కాబట్టి ఆ కోపాన్ని అందరూ భరించారు. ఆయన కట్టిన బండి చక్రానికి పట్టా ఊడిందన్న మాట ఎవరూ వినలేదు.

రెండో ప్రపంచ లడాయికి ముందరి సంవత్సరాలవి. ఆ ఏడు దసరా దాటాక ఆయన కోపమంతా ఒక్క బండి మీదికి మళ్ళింది. అది క్రైస్తవ మిషన్ దవాఖాన బండి. ఖేడ్ జనం అలాంటిది అంతకు ముందు చూడలేదు. చక్రాల మీద నిలబెట్టిన చిన్న ఇల్లు అది. తలుపు, రెండు కిటికీలు, లోపల పడక, కోతలు చేసే బల్ల, అడుగున నీళ్ళ తొట్టి ఉన్నాయి. మోటారు వెనక కొక్కేనికి తగిలిస్తే కదులుతుంది. ఎక్కడో దూరదేశంలో, అద్దంలాంటి సడకుల కోసం చేసింది కాబట్టి నేలకు బాగా దగ్గరగా ఉండేది. మన దగ్గర దారి అంటే ఎడ్లబండ్లు తొక్కి తొక్కి చేసిన రెండు గాడులు, వాటి నడుమ రాళ్ళు తేలిన గట్టు. మోటారు ఎత్తుగా ఉంటుంది కనుక ఆ గట్టు దాటి పోయేది. వెనక ఇల్లు మాత్రం కడుపు రాసుకుంటూ, కీచుమని ఏడుస్తూ కొంత దూరం పోయి చివరికి గట్టు మీద కూర్చునేది.

ఆ బండితో మాణిక్యప్పకు ఏం పని అంటే, తల్లి పని. తల్లి లింగమ్మ నాగల్‌గిద్దలో చిన్న కొడుకు దగ్గర ఉంటుంది. పడుచుతనంలో కొలిమి తిత్తి ఊదుతుండగా నిప్పురవ్వ పడి ఒక కన్ను పోయింది. మిగిలిన ఒక్క కంటికీ రెండేళ్ళుగా పొర కమ్ముతోంది. ఆ పొర తీసే డాక్టరు దొరసాని ఖేడ్‌లోనే ఉంది. కానీ లింగమ్మ నడుము విరిగిన మనిషి. ఎడ్లబండి ఎక్కించి తీసుకురాబోతే పొలిమేర దాటకముందే నొప్పికి తెలివి తప్పింది. మంచం మీద మోయిస్తామంటే, "నేనింక సావలేరా, నలుగురు మోయనీకి" అని తిట్టి పంపింది. దొరసానిని ఒక్కదాన్నే మోటారులో రమ్మంటే ఆమె రాదు. పశువుల దుమ్ములో కన్ను కోస్తే చీము పడుతుందని, కోత అంటూ చేస్తే తన బండిలో తన బల్ల మీదే చేస్తానని ఆమె పట్టు. అందుకని ఆ బండే నాగల్‌గిద్ద పోవాలి, వేరే దారి లేదు.

బండి పోయింది కూడా. దసరా వెళ్ళిన నాలుగో నాడు బయల్దేరి, మూడు కోసులు పోయాక రాయి తగిలి నీళ్ళ తొట్టి పగిలి, దారంతా నీళ్ళు కార్చుకుంటూ వెనక్కి వచ్చింది. మర్నాడు డ్రైవరు లాజరు దాన్ని తెచ్చి కొలిమి ముందర నిలిపాడు.

లాజరుది బోరంచ ఊరు. తండ్రి కాలంలో మిషన్‌లో కలిసిన కుటుంబం. హైదరాబాదులో ఒక మోటారు కార్ఖానాలో మూడేళ్ళు పని నేర్చుకుని వచ్చినవాడు. ఖాకీ కోటు తొడిగినా, దొరసాని పక్కన కూర్చుని మోటారు నడిపినా, కమ్మరి కొలిమి విషయానికి వచ్చేసరికి ఆయన కూడా పాత లెక్కలోనే ఉన్నాడు. ఆయన కులంవాళ్ళు కొలిమి గడప తొక్కే ఆచారం లేదు. దాని గురించి ఎవరూ నోరు విప్పి మాట్లాడింది లేదు. లాజరు వచ్చి గడపకు మూడడుగుల దూరంలో ఆగేవాడు, అంతే.

"అప్పా, గీ బండి జర పైకి లేపాలె. ఓ బెత్తెడు లేస్తే సాలు, రాళ్ళ మీదికెళ్ళి పోతది."

"లేపుత. గదేం పెద్ద పని?" అన్నాడు మాణిక్యప్ప. బండి కింద తొంగిచూసి, బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు విప్పదీశాడు. విల్లులా వంగిన పట్టీలవి. మోటారువాళ్ళు కమాన్లు అంటారు. వాటిని కాల్చి ఇంకొంచెం వంచితే బండి అంత ఎత్తు లేస్తుందని ఆయన లెక్క.

పట్టీని పటకారుతో పట్టుకుని నిప్పుల్లో పెట్టబోతుంటే బయటి నుంచి లాజరు గొంతు వినిపించింది.

"కమాన్లను కాల్చకు అప్పా. వాటి సత్తువ పోతది, నేను కార్ఖానల జూసిన. గీ బండికి ఇరుసు పట్టీల మీద కూసున్నది గద. దాన్ని తీసి పట్టీల కిందికి తెద్దాం. ఇరుసు మందం, పట్టీల మందం కలిసి బండి దానంతటదే లేస్తది. నేను కింద దూరి సూపిస్త."

కొలిమిలో పని చేయించుకోవడానికి వచ్చిన నలుగురు రైతులు తలలు తిప్పి చూశారు. అక్కడే చెడింది. వాళ్ళు లేకపోతే మాణిక్యప్ప ఏమనేవాడో మనకు తెలియదు.

"ఏంరా లాజరూ, ఇనుము గురించి నాకు జెప్తవా? మీ తాతకు కొడవలి జేసిచ్చింది మా నాయిన. బయట నిలవడి నాకు కొలిమి నేర్పుతవా?"

"సరే అప్పా" అన్నాడు లాజరు. దీపావళికి ఇంకా రెండు వారాలుంది.

లాజరు చెప్పిన మాట తప్పా ఒప్పా అని మాణిక్యప్ప ఆలోచించలేదు. చెప్పింది లాజరు అన్నది ఒక్కటే ఆయన చెవిలో హోరు పెట్టింది. ఆ హోరులోనే పట్టీలు ఎర్రగా కాల్చి, వంచి, కొడవలికి చేసినట్టు నీళ్ళలో ముంచాడు. చూడ్డానికి అందంగా వచ్చాయి. బిగిస్తే బండి బెత్తెడు పైకి లేచింది. రైతులు భేష్ అన్నారు. ఊరు దాటిన మొదటి గాడిలోనే ఒక పట్టీ చెరకుగడలా ఫట్‌మని విరిగింది.

రెండోసారి బీదరు నుంచి వేరే పట్టీలు తెప్పించేసరికి దీపావళి వెళ్ళిపోయింది. ఈసారి వాటిని కాల్చి వంచి, నీళ్ళు వద్దని బూడిదలో చల్లార్చాడు. విరగలేదు. కానీ అతుకు వేసిన నీళ్ళ తొట్టి నింపి, మందుల పెట్టెలు ఎక్కించగానే పట్టీలు ఒక్కొక్కటే సాగిపోయి, బండి మునుపటికన్నా ఒక వేలు కిందికి దిగి కూర్చుంది. మాణిక్యప్ప దాన్ని కాలితో తన్నాడు. బండికి ఏమీ కాలేదు, ఆయన బొటనవేలు వాచింది.

ఇక ఖేడ్‌లో ఆయనకు నిలబడే చోటు లేకుండా పోయింది. అంగడికి పోతే, "ఏం అప్పా, ఇల్లు లేసిందా?" అని అడిగేవాళ్ళే. ఇంటికొస్తే భార్య నీలమ్మ ఊరుకోదు. "గా లాజరు మాట ఒక్కసారి ఇంటే నీ మీసాలు రాల్తయా?" అంది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. తిననందుకు కూడా ఆయనకే కోపం వచ్చింది.

ఆ మధ్యనే నాగల్‌గిద్ద నుంచి తమ్ముడు కబురు పంపాడు. కార్తీక పున్నమి నాడు అమ్మకు కంట్లో, తలలో పగిలిపోయేంత నొప్పి లేచిందట. రెండు దినాలు అరిచి అరిచి పడుకుందట. ఇప్పుడు నొప్పి లేదట. నొప్పి తగ్గింది కదా, గండం గడిచిందని మాణిక్యప్ప ఊపిరి పీల్చుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు.

ఇక దొరసాని ఓపిక కూడా అయిపోయింది. క్రిస్మస్ లోపల బండి దారికి రాకపోతే బీదరు పంపేస్తానంది. పంపితే అది మళ్ళీ ఈ దిక్కు రాదు. మాణిక్యప్ప బీదరు నుంచి మూడోసారి తెప్పించిన కొత్త పట్టీలు ముందేసుకుని, బండి కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకి చూశాడు. ఇరుసు పట్టీల మీద ఉంది. తను నలభై ఏళ్ళుగా కట్టిన ఏ ఎడ్లబండికైనా ఇరుసు కిందనే ఉంటుంది, బరువు దాని మీద కూర్చుంటుంది. మోటారు సామాను కదా, దాని లెక్క వేరే ఉంటుందని ఇన్నాళ్ళూ చూసీ చూడలేదు. సిగ్గుతో ఆయన చెవులు కాలాయి.

ఒక్కడే ఇరుసు విప్పబోయాడు. ఒకవైపు ఊడి, బరువంతా ఛాతీ మీదికి ఒరిగింది. ఒక చేత్తో ఇరుసు పట్టుకుని ఇంకో చేత్తో బోల్టు దూర్చడం ఎంతటి కమ్మరికైనా కాని పని.

"లాజరూ, జర రా" అన్నాడు. మునుపటి "ఏంరా" లేదు ఆ పిలుపులో.

లాజరు బండి కిందికి దూరాడు. ఇద్దరూ భుజం భుజం ఆనించి పడుకుని ఇరుసు దించారు. పట్టీల బోల్టు తల కూర్చోవడానికి ఇరుసు అడుగున చదునైన చోటు ఉంది గానీ పైన లేదు. దానికి రెండు ఇనుప పీటలు కొత్తగా చేయాలి. వేడి మీద ఇరుసుకు సరిపోయేలా కొట్టాలంటే ఇరుసు పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. మాణిక్యప్ప కొలిమి వైపు చెయ్యి చూపించాడు. లాజరు చెప్పులు విప్పి, అవి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేత్తో పట్టుకుని, లోపలికి వచ్చాడు. రెండు దినాల్లో పని అయిపోయింది. ఇల్లు ముందుకు వాలకుండా మోటారు కొక్కేన్ని కూడా అంతే పైకి ఎత్తి కట్టారు. రెండు నెలల పరేషానికి రెండు దినాల పని!

నాగల్‌గిద్ద దారిలో, మొదట తొట్టి పగలగొట్టిన రాయి దగ్గర, మాణిక్యప్ప మోటారు ఆపించి నేల మీద పడుకుని చూశాడు. రాయికీ బండికీ నడుమ మూడు వేళ్ళ సందు ఉంది. ఇల్లు చప్పుడు లేకుండా దాని మీదుగా పోయింది. ఆయన లేచి పంచె దులుపుకుంటూ ఒక్కడే నవ్వాడు.

తమ్ముడి ఇంటి ముందర బండి ఆగింది. తల్లిని ఎత్తుకుని బల్ల మీద పడుకోబెట్టారు. దొరసాని దీపం పట్టి చూసింది, వేళ్ళతో కంటిగుడ్డు నొక్కి చూసింది, ఏదో అడిగింది. నర్సు గ్రేసమ్మ తెలుగులో చెప్పింది.

"నొప్పి ఎప్పుడు లేసిందని అడుగుతున్నది."

"కార్తీక పున్నమికి" అన్నాడు మాణిక్యప్ప.

దొరసాని దీపం ఆర్పేసింది. ఆమె చెప్పింది విని గ్రేసమ్మ మాణిక్యప్ప వైపు తిరిగింది. "పొర ముదిరి లోపట ఒత్తిడి వెరిగిందట అప్పా. గా నొప్పికే సూపు నరం సచ్చిపోయిందట. అంతకు ముందర వస్తే తీసేటోళ్ళం. ఇగ తీసినా వెలుగు రాదు."

మాణిక్యప్పకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. తల్లిని తీసుకొచ్చి బండి మెట్టు మీద కూర్చోబెట్టాడు. ఆమె ఏడవలేదు. కమ్మరి ఇంట్లో బతికిన మనిషి కదా, చెయ్యి కిందికి చాపి మెట్టు పక్కన తడిమి, పట్టీలు, వాటి కింద ఇరుసు, నడుమ పీట, అన్నీ వేళ్ళతో చూసింది.

"మంచిగ కూసున్నదిరా. గీ ఉపాయం నీదేనా?"

"కాదమ్మా. లాజరుది."

"ఎప్పుడు జెప్పిండు?"

పక్కనే తొట్టిలో నీళ్ళు పోస్తున్న లాజరు చటుక్కున అందుకున్నాడు. "మొన్ననే జెప్పిన అవ్వా."

"కాదు" అన్నాడు మాణిక్యప్ప. "దీపావళికి ముందర జెప్పిండమ్మా. నేనే ఇనలే."

లింగమ్మ చెయ్యి ఇరుసు మీద ఆగిపోయింది. దీపావళికీ కార్తీక పున్నమికీ నడుమ ఎన్ని దినాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాసేపటికి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. ఇంట్లోకి తీసుకుపోదామని మాణిక్యప్ప వంగి చేతులు చాచాడు.

"లాజరూ, ఇంట్లకు తోల్కపో బిడ్డా" అంది ఆమె.

లాజరు కుండ కింద పెట్టి వచ్చి ఆమెను ఎత్తుకున్నాడు. మాణిక్యప్ప చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.