కుమారి సెలెక్షన్

పుంగనూరు కుమారి మదనపల్లెలో జువాలజీ డిగ్రీ చదివింది. పరీక్షల ముందు "నేచురల్ సెలెక్షన్, నేచురల్ సెలెక్షన్" అని బిగ్గరగా వల్లె వేస్తుంటే, పాలు పిండుతున్న తల్లి శ్యామలమ్మ విని, బిడ్డ ఉద్యోగానికి సెలెక్టయిందని వీధంతా చాటింది.

"ఉద్యోగం కాదు మా! చుట్టూ ఉండే కష్టాలకు తట్టుకున్న జీవి బతుకుతాది, దాని గుణాలు పిల్లలకొస్తాయి. అదే సెలెక్షన్," అని కుమారి తల బాదుకుంది.

"సిఫారసు లేకుండానా?" అని శ్యామలమ్మ నోరెళ్లబెట్టింది.

డిగ్రీ అయ్యాక కుమారి కుప్పంలో ఒక ప్రైవేటు బడికి ఇంటర్వ్యూకు పోయింది. జన్యువుల మీద అడిగినవన్నీ గడగడా చెప్పింది. కరస్పాండెంటు మెచ్చుకుని కాఫీ కూడా ఇప్పించాడు.

"సెలెక్షన్ ఏమాయమ్మా?" అంది తల్లి, ఫలితం వచ్చిన రోజు.

"అయింది మా, కరస్పాండెంటు కూతురికి. ఇంతకంటే నేచురల్‌గా యాడ జరుగుతాది?"