పాకెట్టు మీద శేషమ్మ

పెద్దారవీడు శేషమ్మ మార్కాపురంలో మేనల్లుడి దుకాణానికి పోయి, నూటయాభై పప్పు పాకెట్ల మీదున్న తన మొహాన్ని తానే బ్లేడుతో కోసి, కొంగున మూటగట్టుకొచ్చిందట. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చెప్పేవాళ్లు మాత్రం మండలమంతా ఉన్నారు.

ఆ మేనల్లుడు శ్రీకాంత్. తల్లి పోతే శేషమ్మే చంకనేసుకుని పెంచింది. నాలుగేళ్ల కిందట వాడే వచ్చి, "మందులు మానెయ్యి అత్తా, పండిందంతా నేనే కొంటా" అన్నాడు. ఆ ఒక్క మాట మీద యూరియా మానేసింది. పేడ, ఆవు పంచితం, బెల్లం డ్రమ్ముల్లో కలిపి చేనుకు పోసింది. ఆ కంపుకు నల్లమల పులులు దారి మార్చుకున్నాయంటారు. మొదటి ఏడు కంది సగానికి పడిపోయింది, ఊరు నవ్వింది. మూడో ఏటికి చేలో కాలేస్తే మడమ దిగబడేంత మెత్తన. తవ్వితే జడంత వానపాములు!

శ్రీకాంత్ ఆమె ఫోటో తీసి పాకెట్ల మీద అచ్చేయించాడు: 'శేషమ్మ చేని పప్పు'. మురిసిపోయి ఒక పాకెట్టును దేవుడి పటాల పక్కన పెట్టుకుంది శేషమ్మ.

ఈ ఎండాకాలం శ్రీదేవి టీచరు ఒక పాకెట్టు పట్టుకుని ఇంటికే వచ్చింది.

"ఏం శేషమ్మక్కా, ఆరు విజిళ్లకు గూడా ఉడకల్యా. రాళ్లేమన్నా పండించినావా ఏంది?"

శేషమ్మ గుప్పెడు పోసుకుని వాసన చూసింది. ఆమె కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, ఆ తర్వాతే విసురుతుంది. ఆ పప్పుకు తొలకరి వాసనుంటుంది. ఇదేమో నూనె రాసినట్టు తళతళలాడుతోంది. మట్టి మొహమే ఎరగదు.

కబురు పెడితే శ్రీకాంత్ బండేసుకుని వచ్చాడు. తల కూడా దించలేదు.

"నీ చేను పది బస్తాలిస్తది, జనం వందడుగుతాండారు. యాడ నించి తెచ్చేది? పప్పు ఏదైతే ఏంది, నీ బొమ్మ ఉంటే సాలు, కొంటారత్తా."

"అంటే ఇన్నాళ్లూ నన్ను అమ్ముకున్నావా నాయనా?"

వాడు ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

మూడో రోజుకల్లా బ్లేడు కథ బయల్దేరింది. పక్కింటి మల్లి ఉండబట్టలేక అడిగేసింది: "నిజమేనా పెద్దమ్మా, మొహాలు కోసుకొచ్చినావంట?"

దేవుడి పటాల పక్కన పాకెట్టు అట్లాగే ఉంది. మొహం ఉండాల్సిన చోట మాత్రం చదరంగా బొక్క.

శేషమ్మ చెరుగుతున్న చేట ఆపలేదు.

"ఎవురే చెప్పింది? నేను మార్కాపురం పొయ్యిందే ల్యా. ఆ పాకెట్ల మీదుండే ఆమె ఎవురో నాకు తెల్దు. నాకసలు మేనల్లుడే ల్యాడు."