ఇంట్లో మాట్లాడే భాష

ఇప్పుడంటే ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏ సందులోకి తొంగిచూసినా బడి పేరులో ప్రపంచమంతా ఇమిడిపోతోంది గానీ, నా చిన్నతనంలో ఆ ముచ్చట అప్పుడప్పుడే మొదలైంది. నేను ఆరో తరగతికి వచ్చిన ఏడు, వేసవి సెలవులు అయ్యేసరికి మా నాచారం బడి బోర్డు మీద ‘గ్లోబల్’ అనే మాట వచ్చి చేరింది. బల్లలు అవే, మేడంలు వాళ్లే, నీళ్లు రాని నల్లాలూ అవే. మా అమ్మకు మాత్రం ఆ మాట మీద మొదటి రోజే అనుమానం పుట్టింది. "ఉన్న పేరు ఎందుకు మార్చిన్రే? ఏదో దాస్తున్నరు" అంది. (పాలవాడిని, పంచాంగాన్ని, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిని కూడా ఆమె అదే చూపు చూసేది.)

నిజానికి దాచింది మేమే. నన్ను చేర్చేటప్పుడు అప్లికేషన్‌లో ‘ఇంట్లో మాట్లాడే భాష’ అన్నచోట నాన్న ధైర్యంగా ‘ఇంగ్లిష్’ అని రాశాడు. అలా రాస్తేనే సీటు ఇస్తారని, ఆయన పనిచేసే మందుల కంపెనీలో ఎవరో అన్న చెప్పాడట. మా ఇంట్లో ఇంగ్లిష్ అంటే ఫ్రిజ్, రిమోట్, ‘ఓకే’. బడిలో తెలుగు మాట నోరు జారితే డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపేవారు. అమ్మ దాని మీద సంతకం చేస్తూ ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతామని భయపడేది.

అలాంటి రోజుల్లో మా క్లాసు మేడం అందరికీ ఒక కాగితం ఇచ్చింది. పైన ‘మా కుటుంబ సంస్కృతి’ అని ఉంది. మీరేం తింటారు, ఏ పండుగలు చేస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇవన్నీ రాసుకుని రావాలి. సముద్రాల అవతలి ఏదో చలిదేశపు బడి పిల్లలకు స్మార్ట్ బోర్డు మీద వినిపించాలి. నేను ఒక్కో ప్రశ్న చదివి చెబుతుంటే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏం తింటరని గూడ అడుగుతున్నరా? గిదంత మనల్ని పట్టుకోనీకె. తెలుగని రాసినవనుకో, మరి గప్పుడు ఇంగ్లిష్ అని ఎట్ల రాసిన్రని సీటు పీకేస్తరు. నే జెప్పినట్టు రాయి."

రాశాను. పొద్దున కార్న్‌ఫ్లేక్స్, రాత్రి బ్రెడ్డు, పండుగ పుట్టినరోజు. "బోనాలు రాయొద్దా?" అని అడిగాను. "వద్దు. డప్పు చప్పుడు ఎంత దూరం బోతదో నీకేం ఎర్క!"

తీరా ఆ రోజు తెరమీద చలిదేశం పిల్లలు వాళ్ల తాతల కాలంనాటి పూలకుట్టు చొక్కాలు తొడుక్కుని, వాళ్ల భాషలో పాట పాడి, నల్లటి రొట్టె చూపించారు. మా వంతు వచ్చింది. మొదటివాడు కార్న్‌ఫ్లేక్స్, పుట్టినరోజు అన్నాడు. రెండో అమ్మాయీ అంతే. పదకొండో దాన్ని నేను, నేనూ అంతే. నలభై ఇళ్లలో నలభై మంది అమ్మలకూ ఒకే అనుమానం వచ్చిందన్నమాట! అవతల ఒక పిల్ల చాలా మర్యాదగా, "మీరు నిజంగా ఇండియాలోనే ఉంటారా?" అని అడిగింది. మా మేడం ముఖం పాలిపోయింది.

వారం తిరక్కుండా అమ్మలందరినీ బడికి పిలిపించారు. ఇక సీటు పోయినట్టేనని అమ్మ దేవుడికి దండం పెట్టుకుని వచ్చింది. తీరా చూస్తే, ఈసారి ఇళ్ల ముచ్చట్లు అమ్మలే చెప్పాలట. తెర మీద మళ్లీ చలిదేశం పిల్లలు, ఎదురుగా పోలీస్ స్టేషన్‌కు వచ్చినట్టు నోళ్లు కుట్టేసుకున్న అమ్మలు. "ఏమ్మా, ఇవాళ మీ ఇంట్లో టిఫిన్ ఏం చేశారు?" అని ప్రిన్సిపాల్ సారు మా అమ్మనే అడిగాడు. (ఆయనది రాజమండ్రి వైపు.) "బ్రెడ్డు సార్" అంది అమ్మ. సారు నవ్వుతూ, పక్కనే నిలబడ్డ నా చేతిలోని టిఫిన్ డబ్బా తీసుకుని మూత తీశాడు. "ఏమిటిది, పిజ్జానా? మాడిపోయినట్టుందే!"

అంతే. అమ్మకు సీటూ గుర్తులేదు, భయమూ గుర్తులేదు.

"పిజ్జా ఏంది సార్? సర్వపిండి! పల్లీలు, నువ్వులు ఏసి పిండి కలిపి, గంజు గిన్నెల ఒత్తి, సన్నటి మంట మీద కాలుస్తరు. మాడలే, గట్లనే ఎర్రగ కావాలె. జర తిని సూడున్రి!"

సారు తిన్నాడు. అమ్మ తెర ముందుకు వెళ్లి వేళ్లతో గాలిలోనే పిండి ఒత్తి చూపించింది. అవతలి పిల్లలూ గాలిలో వేళ్లు ఆడించారు. "నువ్వులు తక్కువైనయక్కా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇంకొకామె బోనాల పాట అందుకుంది. ఆ సందడిలోనే సారు నెమ్మదిగా, "అవునమ్మా, ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడుకుంటామని అప్లికేషన్‌లో రాశారుగా?" అన్నాడు.

అమ్మ గాలిలో పిండి ఒత్తుతూనే, "ఇంట్ల సార్. ఇది బడి గద!" అంది.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. సీటు నిలిచింది. మరునాటి నుంచి ఎర్ర సిరా మానేశారని రాయాలనే ఉంది గానీ, మానలేదు. శుక్రవారం ఒక్క పీరియడ్ తెలుగు మాట్లాడుకోవచ్చన్నారు. దాని పేరు ‘కల్చర్’.

ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు, నేను తప్ప. ఇంటికి వెళ్లేటప్పుడు టై సరిచేసుకుంటూ అమ్మకంటే పది అడుగులు ముందు నడిచాను. "ఆగవే, బిడ్డా, మంచిగనే మాట్లాడిన్నా?" అని వెనక నుంచి అరుస్తుంటే, "జర మెల్లగ మాట్లాడమ్మా, అందరు ఇంటరు" అని పళ్ల బిగువున అన్నాను, అదీ తెలుగులోనే. ఆ టై పిల్ల గుర్తుకొస్తే ఇప్పుడు కోపం రాదు, నవ్వొస్తుంది. అంత గబగబా ఎక్కడికి పోతున్నావే, అమ్మను రానీ, అని భుజం పట్టి ఆపాలనిపిస్తుంది.