దుప్పట్లు మడతపెట్టే దయ్యం

మా ఇంటి షోకేసులో ఆరు దయ్యాలుండేవి. అందరిళ్లలో కప్పులూ సాసర్లూ ప్లాస్టిక్ గులాబీలూ ఉండే చోట మాకు జానెడేసి దయ్యాలు నిలబడి ఉండేవి. వాటి చేతులూ మోకాళ్లూ వంగుతాయి, తలలు తిరుగుతాయి. నేను పెదకాకాని అవతల ఒక ఊళ్లో బడిపంతులమ్మని. మా ఆయన గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల బస్తాలు పేర్పిస్తాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి బొమ్మలు పోగుచేసేవాళ్లకి పనీపాటా ఉండదని మా ఆడపడుచు నమ్మకం. పని ఎక్కువైనవాళ్లకే దయ్యాలు బాగా అర్థమవుతాయని నా నమ్మకం.

అవన్నీ ఒకే సినిమాలోవి. తెలుగులోకి డబ్బింగ్ చేసిన పరాయి దేశపు సినిమా. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం టీవీలో వచ్చింది. మంచు కురిసే ఊళ్లో పాడుబడ్డ ఆసుపత్రి. అక్కడ పనిచేసిన ఆరుగురు చచ్చిపోయి ఏళ్లు గడిచినా పని మానరు. వాచ్‌మన్ లాంతరు పట్టుకుని తలుపులు వేస్తూనే ఉంటాడు. వంటామె గరిట తిప్పుతూనే ఉంటుంది. నర్సు లేని రోగులకి సూది వేస్తుంది. బట్టలుతికే ముసలామె తెల్లటి కళ్లతో దుప్పట్లు మడతపెడుతుంది, ఆమె అటు తిరగగానే అవి విప్పుకుపోతాయి, మళ్లీ మొదలుపెడుతుంది. మా అమ్మాయి భయపడి నా కొంగు కప్పుకుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది.

"నవ్వుతావేంటమ్మా?" అంది.

"నన్ను చూసినట్టే ఉందే," అన్నాను.

ఆ ఏడు నా పుట్టినరోజుకి ఆ ముసలామె కొరియర్‌లో వచ్చింది. మా అమ్మాయి ఫోన్‌లో ఎక్కడెక్కడో వెతికి పట్టుకుంది. తర్వాత ఏటా ఒకటి చొప్పున మిగతావాళ్లూ వచ్చి చేరారు. చివరికి వచ్చిన వాచ్‌మన్ చేతిలో లాంతరు లేదు. అగ్గిపుల్లలూ విరిగిన ఎర్ర గాజుముక్కా అతికించి మా అమ్మాయే ఒకటి చేసిపెట్టింది. దాని పాటికి అది కాలేజీ, నా పాటికి నేను బడి. రోజంతటిలో మేమిద్దరం కలిసి నవ్వుకునేది ఆ షోకేసు ముందే.

పోయినేడు వానలు పడ్డాక మా అమ్మాయికి జ్వరం వచ్చింది. పదిహేడు రోజులు దిగలేదు. పొద్దున్నే తడిగుడ్డ వేసి, మాత్రలిచ్చి, ఆటో పట్టుకుని బడికి పరుగెత్తేదాన్ని. మా హాజరు ఫోన్‌లోనే పడుతుంది, టయానికి బడిలో ఉండి నా మొహం దానికి చూపించాలి కదా. సాయంత్రం వచ్చి మళ్లీ తడిగుడ్డ. ఒకరోజు బోర్డు మీద రెండో ఎక్కం రాస్తూ రాస్తూ మధ్యలో మర్చిపోయాను. అంతగా అలిసిపోయాను.

ఆ రోజుల్లో మా పాస్టరుగారి భార్య రోజూ పొద్దున జావ తెచ్చేది. మా చర్చి ఊడ్చేదీ, బల్ల మీది తెల్లగుడ్డలు ఉతికేదీ, ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు గడప తొక్కేదీ ఆవిడే. మా పిల్ల కోసం మూడు రోజులు ఉపవాసం కూడా ఉంది. అంత మంచిమనిషి కాబట్టే ఆవిడతో గొడవ పెట్టుకోలేకపోయాను.

ఆ రోజుల్లోనే గురువారం గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. ఒక గురువారం ప్రార్థన అయ్యాక మా ఆడపడుచు షోకేసు వైపు చెయ్యి చాపింది. "దయ్యాల్ని ఇంట్లో నిలబెట్టుకుని, పిల్లకి జ్వరం తగ్గట్లేదని ఏడుస్తావేంటి? ముందు వాటిని అవతల పారెయ్!"

పాస్టరుగారి భార్య మెల్లగా అంది: "నేను బలవంతం చెయ్యట్లేదు టీచరుగారూ. పిల్ల కోసం ఒకసారి తీసి చూడండి."

అవి ప్లాస్టిక్ బొమ్మలని నాకు తెలుసు. జ్వరం తాగిన నీళ్ల వల్ల వచ్చిందనీ తెలుసు. చెప్పడానికి నోరు లేక కాదు, ఓపిక లేక ఊరుకున్నాను.

"పట్టుకుపోయి తగలబెట్టండి," అన్నాను మా ఆయనతో. ఆయన ఆరింటినీ గోనెసంచిలో వేసుకుని బండి తీశాడు. మా అమ్మాయి పక్కగదిలో కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

ఆ సాయంత్రమే టెస్టు రిపోర్టు చూసి డాక్టరు ఇంజెక్షన్ మార్చాడు. టైఫాయిడ్ అన్నాడు. మూడో రోజుకి జ్వరం దిగింది. మా వీధిలో మాత్రం ఇంజెక్షన్ సంగతి ఎవరూ అడగలేదు.

మాలో దేవుడు మేలు చేస్తే ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. పై ఆదివారం మైకు నా చేతికిచ్చారు. డాక్టరు గురించి చెబుదామనే లేచాను. ముందు చాప మీద పాస్టరుగారి భార్య కూర్చుని ఉంది, ఉపవాసాలకి మొహం పీక్కుపోయి ఉంది. ఆవిడ నా నోటి వంకే చూస్తోంది. "బొమ్మలు తీసేశాక నా బిడ్డకి జ్వరం తగ్గింది," అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. కూర్చున్నాక మా అమ్మాయి చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

దారిలో ఒక్కటే మాట అంది. "తీసేస్తే తీసేశావులేమ్మా. మైకులో కూడా చెప్పాలా?"

ఆ తర్వాత వారం రోజులు అవసరమైతే తప్ప నాతో మాట్లాడలేదు. నాకు సిగ్గేసింది. ఏళ్ల తరబడి అబద్ధం చెప్పకండని పిల్లలకి చెబుతూ వచ్చిన నోరు నాది.

వారం చూసి చూసి, మా ఆయన ఒక సాయంత్రం అదే గోనెసంచి తెచ్చి అరుగు మీద పెట్టాడు. తగలబెట్టలేదట. కోల్డ్ స్టోరేజీలో బస్తాల వెనక దాచాడట. "నువ్వు కోపంలో చెప్పావో, అలసటలో చెప్పావో తెలియలా. నాలుగు రోజులు ఆగుదామనుకున్నా," అన్నాడు. సంచి విప్పగానే మిరపఘాటుకి ముగ్గురం తుమ్మాం. మా అమ్మాయి ఒక్కో బొమ్మనీ తుడిచి తన గదిలోకి పట్టుకెళ్లింది. దుప్పట్ల ముసలామెని మాత్రం షోకేసులో పెట్టి నా వైపు చూసింది.

"ఇది నీది. ఉంచుతావో, గురువారం వస్తే దాస్తావో నీ ఇష్టం."

గురువారం అందరికంటే ముందు పాస్టరుగారి భార్య వచ్చింది. నేను బొమ్మని దాచలేదు. అలాగని ధైర్యంగానూ లేను. చూడగానే ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"జ్వరం ఇంజెక్షన్‌కి తగ్గిందండీ," అన్నాను. "బొమ్మల్ని కాల్చలేదు కూడా. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. కానీ మిగతాదంతా తెలిసే చెప్పాను. మీరు నా పిల్ల కోసం తిండి మానేశారు. మీ ఎదురుగా ఇంకోలా చెప్పలేకపోయాను. నన్ను క్షమించండి."

ఆవిడ ముఖంలో బాధ కనిపించింది. షోకేసు దగ్గరకెళ్లి వంగి చూసింది.

"ఈవిడ ఏం చేస్తుంది?"

చెప్పాను. చచ్చిపోయి ఎన్నేళ్లయినా దుప్పట్లు మడతపెడుతూనే ఉంటుందనీ, అవి విప్పుకుపోతే మళ్లీ మొదలుపెడుతుందనీ.

"అయితే ఈవిడకీ ఆదివారం లేదన్నమాట," అంది.

సబ్బునీళ్లకి ఒరుసుకుపోయిన తన వేళ్లు ఒకసారి చూసుకుని, వచ్చి నా పక్కన కుర్చీలో కూలబడింది.

"వాళ్లు వచ్చేదాకా కాస్త కూర్చుంటాను టీచరుగారూ. ఏమీ మాట్లాడొద్దు."