తొలి సకినం

ముంబైలో చలికాలం మహా అయితే రెండు వారాలు. ఆ రెండు వారాల్లోనూ ఎవరి నోట్లోంచీ ఆవిరి వచ్చిన పాపాన పోదు. అయినా ఊరంతా స్వెట్టర్లు తగిలించుకుని తినడానికి బయలుదేరుతుంది. మిగతా పదకొండు నెలలు క్యాలరీలు లెక్కపెట్టేవాళ్లు కూడా జనవరి రాగానే చలికి ఒంట్లో వేడి కావాలంటూ నెయ్యి ఓడే హల్వాకి వరసలో నిలబడతారు. వాళ్ల వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

మా అమ్మాయి ఒకరోజు ఫోన్ తెచ్చి నా ముక్కు మీద పెట్టింది. జనవరిలో ఈ నగరంలో తప్పక తినాల్సినవి, తాగాల్సినవి అంటూ ఒక జాబితా. మొదటిది మీగడలో ముంచిన స్ట్రాబెరీలు. తర్వాత గుజరాతీల కలగూర ఉంధియు. ఆ తర్వాత రెండు గంటలు బస్సులో ప్రయాణం చేసి, ఎవరిదో తోటలో లేత జొన్నకంకులు కాల్చుకు తినడం. మా గల్లీ మొదట్లో పొద్దున్నే కూలి కోసం నిలబడే పాలమూరు వాళ్ల మూటల్లో ఉండేవీ జొన్నరొట్టెలే, కానీ వాటికి బస్సు ఎక్కక్కర్లేదు కాబట్టి అవి జాబితాలో లేవు. ఎనిమిదోది చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కామాఠిపురాలోని ఒంటిగది కాపురాల పాత తెలుగు చాల్‌లో, ఒక బామ్మ తొలి సకినం చుట్టే ఘడియను దగ్గరుండి చూడటం అట. ఆ చాల్ మాది. ఆ బామ్మ మా అత్తమ్మ. ఆ జాబితా రాసింది మా అమ్మాయి.

అది వారమంతా ఆఫీసులో పనిచేసి, ఆదివారాలు స్నేహితులతో కలిసి జనాన్ని ఊరంతా తిప్పి తినిపిస్తుంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. నాయనమ్మతో మరాఠీలో మాట్లాడుతుంది, ఆమె తెలుగులో జవాబిస్తుంది. ఇద్దరికీ ఏనాడూ ఇబ్బంది కలగలేదు, ఎందుకంటే ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినరు.

సకినాల గురించి తెలియనివాళ్లకు ఒక మాట. నానబెట్టిన బియ్యం తడి మీదే పిండి ఆడించాలి. మా గిర్నీవాడు జనవరిలో తడి బియ్యానికి వేరే రోజు పెడతాడు. ఆ పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి తడిపి, పరిచిన తెల్లబట్ట మీద వేళ్లతోనే మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు తిప్పాలి, ఆరాక నూనెలో కాల్చాలి. అచ్చుల్లేవు, యంత్రాల్లేవు. మా అంతస్తులో దానికొక కట్టడి ఉంది. అందరూ గదుల ముందున్న గ్యాలరీలో కూర్చుంటారు, పెద్దావిడ తొలి సకినం చుట్టేదాకా ఎవరూ పిండి ముట్టరు. ఆమె చుట్టు తెగితే పిండిగిన్నె ఆ ఇంట్లో తర్వాతి ఆడదాని చేతికి పోతుంది. ఇక ఏటేటా తొలి సకినం ఆవిడదే, పెద్దరికమూ ఆవిడదే. ముప్పై ఏళ్లుగా అది మా అత్తమ్మది.

దీపావళి నుంచి అత్తమ్మ చేతులు వణుకుతున్నాయి. టీ కప్పు మానేసి లోటాను రెండు చేతులతో పట్టుకుంటోంది. అడిగితే చలి అంది, అక్టోబరులో. నేను చపాతీ పిండి కలుపుతుంటే చిన్న ముద్ద తీసుకుని, కొంగు చాటున మెలితిప్పి చూసుకుని, మళ్లీ నొక్కి గిన్నెలో వేసేది. అది చూసి నాకు భయం పట్టుకుంది. ఈ ఏడు ఎవరినీ తేవద్దని అమ్మాయితో చెప్పాను. అప్పటికే తొమ్మిదిమంది పేర్లిచ్చారట. అత్తమ్మతో చెప్పాను. వస్తే రానిమ్మంది, ఒక్క ముక్కలో.

నా భయం ఆమె కోసమే అని చెప్పుకుంటే బాగుండేది. నిజమేమిటంటే ఆ ఇంట్లో తర్వాతి ఆడదాన్ని నేను. నాకు సకినం చుట్టడం రాదు.

ఇరవై ఆరేళ్లుగా ఎవరికీ తెలియనివ్వలేదు. కోడలిగా వచ్చిన మొదటి జనవరిలో నేను చుట్టినవన్నీ విరిగాయి. మరుసటి ఏడు అందరికన్నా ముందు లేచి స్టవ్ దగ్గర చేరి, నూనె పొగ మీకెందుకు, కాల్చే పని నాకొదిలేయండి అన్నాను. అంతే. చాల్ మొత్తంలో త్యాగమూర్తినైపోయాను. పాపం, పండగ పూట కూడా పొయ్యి వదలదని పక్కింటి ఆడవాళ్లు తమ కోడళ్లకు నన్ను చూపించి బుద్ధి చెప్పేవారు. నేను చెమట తుడుచుకుంటూ వినయంగా నవ్వేదాన్ని. ఆ నవ్వు నాకు సకినాలకన్నా బాగా కుదిరింది.

ఆదివారం పొద్దున గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి తొమ్మిదిమందీ నడుచుకుంటూ వచ్చారు. ఒకాయన ఉన్ని టోపీ పెట్టుకున్నాడు, చెవుల పక్క నుంచి చెమట కారుతోంది. తాగడానికేమిటని అడిగితే మా అమ్మాయి బెల్లం వేసిన అల్లం చాయ్ ఇచ్చి, ఇది మా పూర్వీకుల పానీయమని హిందీలో చెప్పింది. మా ఇంట్లో అది దగ్గొస్తేనే కాస్తాం. ఒకమ్మాయి సకినంలో గ్లూటెన్ ఉంటుందా అని అడిగింది. అత్తమ్మకు ఆ మాట తెలియక, అన్నీ ఉంటాయని చెప్పమంది.

అత్తమ్మ పసుపుతో గౌరమ్మను చేసి బట్ట మూల పెట్టింది. పిండి తీసుకుంది. తొమ్మిది ఫోన్లు ఆమె వేళ్ల మీదికి వంగాయి. మొదటి చుట్టు పూర్తయింది. రెండోదానిలో సగం దాకా వచ్చేసరికి బొటనవేలు అదిరింది, చుట్టు తెగింది. ఆమె దాన్ని వేలితో అతికించింది. మళ్లీ తెగింది. మా అంతస్తు ఆడవాళ్లంతా ఒక్కసారిగా తమ కొంగుల్లో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టారు. వాళ్లెవరూ ఆమె ముఖం చూడలేదు. నేను చూశాను. ముప్పై ఏళ్ల పెద్దరికం చేతిలోంచి జారిపోతుంటే మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. ఏడవలేదు. పిండిగిన్నె ఎత్తి నా వైపు చాపింది.

నేను చప్పున లేచి, నూనె కాగుతోంది చూసొస్తానన్నాను.

"ఇంకా పొయ్యే ఎలిగించలె. కూసో," అంది అత్తమ్మ.

కూర్చున్నాను. చుట్టాను. దాన్ని చుట్టడం అనడం కూడా ఎక్కువే. ఒకచోట వేలంత లావు, ఒకచోట దారం, మూడో చుట్టు రెండోదాని మీదెక్కి కూర్చుంది. పక్కింటావిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. మా అమ్మాయి మాత్రం తడుముకోకుండా, ఇది ఇప్పుడెక్కడా కనబడని పాతకాలం తీరు అని చెప్పేసింది. ఉన్ని టోపీ ఆయన చప్పట్లు కొట్టాడు. యంత్రం ఇలా చేయలేదు కదా అన్నారెవరో. ఆ మాట నిజమే, ఏ యంత్రమూ అంత ఘోరంగా చేయదు. ఇన్నేళ్లు దాచుకున్న నా చేతకానితనాన్ని తొమ్మిది కోణాల్లో ఫొటోలు తీసుకుని, కడుపునిండా ఇరుగుపొరుగు చుట్టిన సకినాలు తిని, స్ట్రాబెరీలకు వెళ్లిపోయారు.

గ్యాలరీ ఖాళీ అయ్యాక నేనూ అత్తమ్మా మిగిలాం. నా తొలి సకినం ఇంకా బట్ట మీదే ఉంది, నూనెలో వేయడానికి ఎత్తితే విడిపోయేలా ఉంది. ఆమె దాన్నే చూస్తోంది. నేను తలెత్తలేకపోయాను. సిగ్గుగా ఉంది, దానికన్నా ఎక్కువ బాధగా ఉంది.

"నీకు రాదని నాకు మొదటేడే ఎరుక," అంది.

మరి ఎందుకు అనలేదని అడిగాను.

"అడుగుతవని సూశిన."

ఇరవై ఆరు జనవరులు. ప్రతి ఏడూ ఆమె నాకు రెండడుగుల దూరంలో, గడపకు అవతల కూర్చుని చుట్టింది. నేను ఇవతల పొగలో నిలబడి మెప్పు పొందాను. నా కళ్లు నిండాయి. ఆమె పక్కన చతికిలబడి, ఇప్పుడు నేర్పు అత్తమ్మా అన్నాను.

అత్తమ్మ పిండి ఎండిపోయిన చేతులు రెండూ ఒళ్లోకి తీసుకుని, అవి ఆగుతాయేమోనని చూసింది.

"ఏ చేతుల్తోని నేర్పాలె బిడ్డా?" అంది.